డెల్టా కుర్రాడి ఫాస్ట్ బౌలింగ్: వేగం కంటే ముందు చూడాల్సినవి

సంక్రాంతికి భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ ఊరి టోర్నమెంట్‌కి వెళ్లినా, వేగంతో జనాన్ని తనవైపు తిప్పుకునే కుర్రాడు ఒకడు కనిపిస్తాడు. పదిహేను పదహారేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. అతను బంతి అందుకోగానే వికెట్ కీపర్ నాలుగడుగులు వెనక్కి జరుగుతాడు. ఆ ఏడు జిల్లా సెలెక్షన్స్‌లో అతని పేరు వినిపిస్తుంది. రెండు మూడేళ్లు తిరిగేసరికి ‘నడుం నొప్పండీ, బౌలింగ్ మానేశాను’ అంటాడు. లేదంటే బ్యాటింగ్‌కి మారిపోతాడు, ఇంజినీరింగ్‌లో చేరి ఆటే వదిలేస్తాడు. ఇలాంటి కథ లేని మండలం గోదావరి డెల్టాలో దొరకడం కష్టం. మన దగ్గర ఫాస్ట్ బౌలర్లు పుట్టరని తేలిగ్గా అనేస్తుంటారు. పుడుతూనే ఉన్నారు. పద్నాలుగు నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య వాళ్లు ఎన్ని బంతులు వేశారో ఎవరూ రాసిపెట్టడం లేదు. చాలామంది ఆ వయసులోనే ఆటకి దూరమవుతున్నారు.

సరుకు ఉందనడానికి సాక్ష్యం కూడా ఉంది. టెస్టు బ్యాటర్ హనుమ విహారి పుట్టిన కాకినాడ నుంచే వచ్చిన పేసర్ సత్యనారాయణ రాజు 2025 ఐపీఎల్‌లో ముంబై ఇండియన్స్‌కి ఆడాడు. అప్పటికి అతనికి 25 ఏళ్లు. ఆ వయసు గుర్తుపెట్టుకోదగ్గది. ఫాస్ట్ బౌలర్ శరీరం పూర్తిగా పనికి సిద్ధమయ్యేది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల తర్వాతే. పదహారేళ్లకి జిల్లాలో అందరికంటే వేగంగా వేసిన కుర్రాడు ఆ వయసు దాకా ఆటలో నిలవాలంటే మధ్యలో ఆరేడేళ్లు అతన్ని ఎవరో ఒకరు కాపాడాలి.

ట్రయల్స్‌లో కనపడేది ఎంత?

సెలెక్షన్ ట్రయల్స్ ఎలా జరుగుతాయో వెళ్లినవాళ్లందరికీ తెలుసు. పొద్దున ఏడింటికి పేర్లు రాసుకుంటారు. ఎండ ముదిరేసరికి నెట్స్ దగ్గర పెద్ద లైను. ఒక్కొక్కరికి ఒక్క ఓవర్. ముందురోజు రాత్రి రాజోలు నుంచో నరసాపురం నుంచో బస్సులో వచ్చి, వార్మప్ లేకుండా టెన్షన్‌తో పరిగెత్తుకొచ్చి వేసిన ఆ ఆరు బంతుల మీదే ఏడాది తేలిపోతుంది. సెలెక్టర్ల చేతిలో ఉన్నది ఒక్క పూట. అంత తక్కువ సమయంలో కొలవగలిగేది ఒక్కటే, ఆరోజు బంతి ఎంత వేగంగా వచ్చింది అన్నది.

కుర్రాళ్లని వెతికి పట్టే ఈ పనిని వందేళ్లకు పైగా వృత్తిగా చేస్తున్న ఆట బేస్‌బాల్. అక్కడ బ్యాటర్‌కి బంతి విసిరే పిచ్చర్ పని మన ఫాస్ట్ బౌలర్ పనికి బాగా దగ్గర. మన పిచ్ 20.12 మీటర్లయితే పిచ్చర్ 18.44 మీటర్ల దూరం నుంచి విసురుతాడు. బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు, మన లెదర్ బంతి కంటే కొంచెం తక్కువ. అమెరికాలో మేజర్ లీగ్ (అక్కడి అగ్రస్థాయి బేస్‌బాల్) జట్లు ఒక్కో ప్రాంతానికి ఒక్కో స్కౌట్‌ని, అంటే కొత్త ఆటగాళ్లని వెతికే మనిషిని పెట్టుకుంటాయి. అతను హైస్కూల్ పిచ్చర్‌ని ఒక్కరోజు చూసి వదలడు. వేర్వేరు మ్యాచ్‌ల్లో చూస్తాడు, అలసిపోయాక ఎలా విసురుతున్నాడో గమనిస్తాడు, కోచ్‌తో, ఇంట్లోవాళ్లతో మాట్లాడతాడు. 20 నుంచి 80 వరకు ఉండే స్కేలు మీద మార్కులు వేస్తాడు. మేజర్ లీగ్‌లో సగటు ఆటగాడి స్థాయికి 50. ఒక్కో నైపుణ్యానికి రెండు మార్కులుంటాయి: ఒకటి ఇవాళ ఉన్నదానికి, రెండోది ఎదిగాక రాగలదానికి. మన సెలెక్షన్ కాగితంలో ఆ రెండో గడి లేదు. పదిహేనేళ్ల బౌలర్ విషయంలో ఎక్కువ విలువైన గడి అదే.

మనవాళ్లు ఆ కంట పడిన సందర్భం ఒకటుంది. 2008లో ఇండియాలో జరిగిన విసురుడు పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఆ ఏడాది నవంబర్‌లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో ఒప్పందం చేసుకున్నారు. ఇద్దరూ ఉత్తరప్రదేశ్ పల్లెల్లో పుట్టిన జావెలిన్ త్రోయర్లు. బేస్‌బాల్ అంటే ఏమిటో అప్పటిదాకా తెలీదు. మేజర్ లీగ్ దాకా ఇద్దరూ చేరలేదు, కానీ చిన్న స్థాయి లీగుల్లో ఆడారు. భుజం ఉన్నవాడు వేరే ఆటలో కూడా దాగి ఉండొచ్చని దీన్ని బట్టి తెలుస్తుంది. పశ్చిమ గోదావరి పల్లెల్లో వాలీబాల్ గట్టిగా ఆడే స్కూళ్లు ఉన్నాయి. ఎగిరి స్మాష్ కొట్టే పొడుగు పిల్లలు, స్కూల్ గేమ్స్‌లో జావెలిన్ విసిరేవాళ్లు, కబడ్డీలో ఒంటి బలం చూపించేవాళ్లు వీళ్లందరి పేర్లూ పీఈటీ మాస్టర్ల దగ్గర ఉంటాయి. ఫాస్ట్ బౌలర్ల కోసం వెతికేవాళ్లు ఆ మాస్టర్లకి ఫోన్ చేయడం అరుదు.

చేతిని కాదు, కాలిని చూడాలి

వేగం భుజంలోంచి వస్తుందని గట్టున కూర్చుని చూసేవాళ్లు అనుకుంటారు. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో యూనివర్సిటీ పరిశోధకులు 20 మంది మేటి ఫాస్ట్ బౌలర్లను కొలిచి 2013లో ప్రచురించిన పరిశోధన వేరే మాట చెప్పింది. వేగంగా వేసేవాళ్లలో నాలుగు లక్షణాలు కనిపించాయి. రనప్ చురుగ్గా ఉంది. ముందుకాలు నేల తాకాక మోకాలు వంగకుండా నిటారుగా నిలిచింది. బంతి వదిలేలోపు పైశరీరం బాగా ముందుకు వంగింది. చెయ్యి తిరగడం కాస్త ఆలస్యంగా మొదలైంది. బౌలర్ల మధ్య వేగంలో కనిపించిన తేడాలో 74 శాతాన్ని ఈ నాలుగే వివరించాయి.

కాబట్టి కొత్త కుర్రాణ్ని చూసేటప్పుడు బౌలర్ ఎండ్‌లో అంపైర్ వెనక నిలబడితే చాలదు. పాపింగ్ క్రీజుకి (బౌలర్ ముందుకాలు పడే చోటి గీతకి) సూటిగా, పక్కన నిలబడాలి. ముందుకాలు పడే క్షణం మీదే చూపు పెట్టాలి. మోకాలు మెత్తగా కుంగిపోతోందా, గుంజలా నిలబడుతోందా? నిలబడితే పరుగులో తెచ్చుకున్న ఊపు నడుం మీదుగా భుజానికి, అక్కడినుంచి మణికట్టుకి ఎక్కుతుంది. కుంగిపోతే ఆ ఊపు నేలలోకి పోతుంది, మిగతాది చెయ్యి లాక్కోవాలి. చేత్తో లాగి వేసే పిల్లలే పదిహేనేళ్లకి భుజం పట్టుకుని తిరుగుతారు. మోకాలు కుంగే కుర్రాడిలో ఇంకా బయటికి రాని వేగం ఉండే అవకాశం కూడా ఉంది. కాళ్ల బలం పెంచితే అది వస్తుంది. ఇప్పటికే అన్నీ సరిగ్గా చేస్తూ ఆ వేగం వేస్తున్నవాడిలో పెరగడానికి అంత చోటు ఉండదు. రెండో గడిలో వేయాల్సిన మార్కు ఇక్కడినుంచి వస్తుంది.

తర్వాత వెనక నుంచి చూడాల్సింది తుంటి, భుజాలు ఒకే దిక్కుకి ఉన్నాయా లేదా అన్నది. సైడ్‌ఆన్ బౌలర్‌కి వెనక పాదం క్రీజుకి సమాంతరంగా పడుతుంది, భుజాలు బ్యాటర్ వైపు గీత గీసినట్టు ఉంటాయి. ఫ్రంట్‌ఆన్ బౌలర్ పాదం, ఛాతీ రెండూ బ్యాటర్ వైపే చూస్తాయి. రెండూ మంచివే. ప్రమాదం మిక్స్‌డ్ యాక్షన్‌తో. తుంటి బ్యాటర్ వైపు తెరుచుకుని ఉండగా, వెనక పాదం పడ్డాక భుజాలు మాత్రం పక్కకి మెలి తిరుగుతాయి. ఆ మెలిక 30 డిగ్రీలు దాటితే నడుముకి ముప్పని బౌలింగ్ నిపుణులు ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నారు. ఎవరో పెద్ద బౌలర్ యాక్షన్ ఫోన్‌లో చూసి, పాదం ఒకరిది, భుజం ఇంకొకరిది అతికించుకున్న పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. పదమూడు పద్నాలుగేళ్లకి దిద్దడం సులువు. పద్దెనిమిదికి దిద్దబోతే వేగం, లైను రెండూ పోయి కుర్రాడు బెంబేలెత్తుతాడు.

స్పీడ్‌గన్ లేదని బాధపడనక్కర్లేదు. సెకనుకి 240 ఫ్రేములు తీసే స్లోమోషన్ ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. బంతి చెయ్యి వదిలిన ఫ్రేము నుంచి బ్యాట్‌ని చేరిన ఫ్రేము దాకా లెక్కపెట్టాలి. ఆ దూరం సుమారు 18 మీటర్లు. 132 ఫ్రేములు వచ్చాయంటే 0.55 సెకన్లు, అంటే గంటకి దాదాపు 118 కిలోమీటర్ల సగటు వేగం. గాలిలోనూ నేల తగిలాకా బంతి నెమ్మదిస్తుంది కాబట్టి చెయ్యి వదిలినప్పటి వేగం దానికంటే ఎక్కువే ఉంటుంది. ఈ అంకె టీవీలో చూపించే అంకెతో పోల్చుకోవడానికి కాదు. అదే కుర్రాడి మొదటి ఓవర్‌నీ ఐదో ఓవర్‌నీ, జనవరినీ జూన్‌నీ పోల్చడానికి. మొదటి ఓవర్‌లో 132 ఫ్రేములు వచ్చి ఐదో ఓవర్‌కి 145 వస్తుంటే, అంటే బంతి నెమ్మదిస్తుంటే, అతనికి కావలసింది కొత్త స్వింగ్ కాదు, కాళ్ల బలమూ ఊపిరీ.

వయసు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అండర్ 14, అండర్ 16 జట్లలో నెగ్గేది చాలాసార్లు ముందుగా మీసం వచ్చినవాడు. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు పిల్లల ఎముకల ఎదుగుదలలో రెండు మూడేళ్ల తేడా ఉండొచ్చు. వయసు మోసాలు పట్టుకోడానికి బీసీసీఐ ఎడమ మణికట్టు ఎక్స్‌రేతో చేయించే టీడబ్ల్యూ3 పరీక్ష కొలిచేది కూడా ఆ ఎముక వయసునే. ఆలస్యంగా ఎదిగే పిల్లవాడు పద్నాలుగేళ్లకి బక్కగా ఉంటాడు, బంతి కీపర్ దాకా వెళ్లదు, పేరు కొట్టేస్తారు. అతని పాదాలు, అరచేతులు పెద్దవిగా ఉంటే, తండ్రీ మేనమామలూ పొడుగైతే, పరుగు తేలిగ్గా ఉంటే ఇంకో రెండేళ్లు ఓపిక పట్టాలి. ఆ ఓపికకి ఖర్చేం లేదు. పేరూ ఫోన్ నంబరూ రాసుకుని ఆరు నెలలకోసారి పిలిచి చూస్తే చాలు.

నడుములో జరిగేది

ముందుకాలు నేలని గుద్దినప్పుడు శరీర బరువుకి ఐదారు రెట్ల బలం పైకి ఎక్కుతుంది. 60 కిలోల కుర్రాడైతే ఒక్కో బంతికి 300 కిలోల పైమాట. అదే క్షణంలో నడుం వెనక్కి విరిచి, పక్కకి వంగి, మెలి తిరిగి ఉంటుంది. ఈ భారమంతా నడుము కింది భాగంలోని నాలుగు, ఐదు వెన్నుపూసల వెనక వైపున్న సన్నటి ఎముక వంతెన మీద పడుతుంది, అదీ ఎక్కువగా బౌలింగ్ చేతికి ఎదురు పక్కన. కుడిచేతి బౌలర్‌కి ఎడమ పక్క నొప్పి. ఆ ఎముక పూర్తిగా గట్టిపడేది ఇరవై దాటాకే. కండ కొన్ని వారాల్లో బలపడుతుంది, ఎముకకి నెలలు కావాలి. జిమ్‌లో రెండు నెలలకే కండ వచ్చి వేగం పెరిగిన కుర్రాడి ఎముక ఆ వేగానికి ఇంకా సిద్ధం కాదు.

మొదట్లో అది నొప్పిలా కూడా ఉండదు. నాలుగో ఓవర్ తర్వాత ఒకవైపు పట్టేసినట్టు ఉంటుంది, రాత్రికి పోతుంది. బామ్ రాస్తారు. వారం తర్వాత మొదటి ఓవర్‌లోనే పట్టేస్తుంది. అప్పుడు ఎక్స్‌రే తీయిస్తారు. ‘ఏమీ లేదు, కండరం పట్టింది’ అన్న మాటతో ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, మళ్లీ బౌలింగ్ మొదలవుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. ఎముక విరగబోయే ముందు దశ ఎక్స్‌రేలో కనపడదు, ఎంఆర్ఐలో కనపడుతుంది. ఆ దశలో ఆపితే రెండు మూడు నెలల్లో ఎముక తనంతట తనే మానుతుంది. బీట పడ్డాక ఆపితే ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పోతుంది. అందుకని పెరిగే వయసు ఫాస్ట్ బౌలర్‌కి నడుములో ఒకవైపు నొప్పి, ముఖ్యంగా ఒంటికాలిపై నిలబడి వెనక్కి వంగితే ఎక్కువయ్యే నొప్పి వచ్చిందంటే, ఎక్స్‌రే బాగుందని ఊరుకోకూడదు. బౌలింగ్ ఆపి, స్పోర్ట్స్ మెడిసిన్ తెలిసిన డాక్టర్‌కి చూపించి, ఎంఆర్ఐ అవసరమా అని అడగాలి. అది రాజమండ్రిలోనో కాకినాడలోనో తీయించేదే. సెమీఫైనల్ ఉందని పదిరోజులు వాయిదా వేస్తే ఆ పదిరోజులకి ఏడాది కట్టాల్సి రావచ్చు.

ఎంత పెద్ద వ్యవస్థ వెనక ఉన్నా ఇది తప్పించుకోవడం తేలిక కాదు. ఆస్ట్రేలియా పేసర్ ప్యాట్ కమిన్స్ 2011 నవంబర్‌లో 18 ఏళ్లకి జోహానెస్‌బర్గ్‌లో తొలి టెస్టు ఆడి గెలిపించాడు. రెండో టెస్టు ఆడింది 2017 మార్చిలో, మన రాంచీలో. మధ్య ఐదేళ్లకు పైగా కాలాన్ని తినేసింది చాలావరకు వెన్ను గాయాలే. తర్వాత అతను కెప్టెన్ అయ్యాడంటే ఆ ఐదేళ్లూ అతన్ని కనిపెట్టుకుని ఉన్న వైద్యులు, జీతం ఇచ్చిన బోర్డు కారణం. బుమ్రా 2022 టీ20 ప్రపంచకప్‌కి దూరమైందీ వెన్ను వల్లే. మన ముమ్మిడివరం కుర్రాడికి అలాంటి ఐదేళ్లు ఎవరూ ఇవ్వరు. అతనికి గాయం రాకుండా చూసుకోవడం ఒక్కటే మార్గం.

డెల్టా క్యాలెండర్ చేసే హాని

ఇంగ్లండ్ బోర్డు చాలా ఏళ్లు అమలు చేసిన ఫాస్ట్ బౌలింగ్ నిబంధనలు ఇలా ఉండేవి. 13 ఏళ్ల లోపువారికి స్పెల్‌కి (ఒక విడతలో) 5 ఓవర్లు, రోజుకి 10. 15 లోపు అయితే 6, 12. 17, 19 లోపు వాళ్లకి 7, 18. స్పెల్ అయ్యాక, అదే ఎండ్ నుంచి అన్ని ఓవర్లూ పడేదాకా మళ్లీ బంతి ఇవ్వకూడదు. బేస్‌బాల్‌లో ఇంకా కచ్చితంగా బంతులే లెక్కపెడతారు. అక్కడ పిచ్చర్ల మోచేతి లిగమెంట్ తెగిపోవడం మన వెన్ను గాయాల్లాంటి బెడద. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే పిచ్చర్‌కి చేసిన శస్త్రచికిత్స ఆ ఆటగాడి పేరుతోనే స్థిరపడింది, ఇప్పుడు హైస్కూల్ పిల్లలకీ చేయాల్సివస్తోంది. అందుకే 2014లో మేజర్ లీగ్, అమెరికా బేస్‌బాల్ సంఘం కలిసి వయసువారీ పరిమితులు తెచ్చాయి. 15, 16 ఏళ్ల పిచ్చర్ రోజుకి 95 బంతులకి మించకూడదు. 75 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పోటీల్లో పిచింగే చేయకూడదు.

మన డెల్టాకి ఈ పరిమితులు ఉన్నవున్నట్టు తెచ్చి పెడితే సగం సమస్యే తీరుతుంది. ఇక్కడి పిల్లలు ఏడాది పొడవునా ఎక్కువ వేయడం లేదు. ఏడాదిలో ఎక్కువ కాలం అసలు వేయరు, తర్వాత ఒక్కసారిగా విపరీతంగా వేస్తారు. జూన్‌లో కాలవలకి నీళ్లు వదిలాక సార్వా (మొదటి వరి పంట) మొదలవుతుంది, ఒండ్రు నేల బురదవుతుంది, అక్టోబర్ వానల దాకా ఊళ్లో గ్రౌండు ఎండదు. కోతలయ్యాక దొరికేది సంక్రాంతి వారం. వెంటనే దాళ్వా (రెండో వరి పంట), లేదంటే మినుములు, పెసలు. మళ్లీ నేల ఖాళీ అయ్యేది ఏప్రిల్ మధ్య నుంచి. దీనికి చదువు తోడవుతుంది. పదో తరగతి పరీక్షల ఏడాది బంతి ముట్టనివ్వరు. ఆపైన ఇంటర్ రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో, నడవడానికి కూడా చోటులేని క్యాంపస్‌లో గడుస్తాయి. పదహారు నుంచి పద్దెనిమిదేళ్లు. ఎముక మెల్లగా భారానికి అలవాటుపడాల్సిన వయసు కచ్చితంగా అదే.

ఎంట్రన్స్ పరీక్ష అవగానే కుర్రాడు ఊరికి వస్తాడు. ఎండాకాలం టోర్నమెంట్లు. నాలుగు రోజుల లెదర్ బాల్ టోర్నమెంట్, రోజుకి రెండు 20 ఓవర్ల మ్యాచ్‌లు అనుకుందాం. మ్యాచ్‌కి 4 ఓవర్లు చొప్పున 48 బంతులు, వార్మప్‌కి మ్యాచ్‌కి డజను చొప్పున 24. రోజుకి 72, నాలుగు రోజులకి 288. అంతకుముందు నెలలో అతను వేసింది సున్నా. రోజువారీ పరిమితి లెక్కన చూస్తే ఇందులో తప్పేమీ కనపడదు, ఎనిమిది ఓవర్లేగా అంటారు. సున్నా నుంచి 288కి ఎగరడమే తప్పు. పెద్దవాళ్ల క్రికెట్‌లో జరిగిన పరిశోధనలు కూడా హఠాత్తుగా పెరిగిన బౌలింగ్ తర్వాత వారాల్లో గాయాలు పెరగడాన్ని గమనించాయి. నొప్పి అదే రోజు రాదు కూడా. మూడు వారాల తర్వాత వస్తుంది, అప్పటికి టోర్నమెంట్ సంగతి ఎవరికీ గుర్తుండదు. ‘బైక్ మీద గుంతలో పడ్డట్టున్నాడు’ అనుకుంటారు.

దీనికి విరుగుడు ఖరీదైంది కాదు. ఒక నోటుపుస్తకం. తేదీ, ఎన్ని బంతులు, ఎంత జోరుగా, మర్నాడు పొద్దున నడుం ఎలా ఉంది. నెట్స్‌లో వేసినవీ రాయాలి, ఎందుకంటే అసలు దోపిడీ జరిగేది అక్కడే. బ్యాటర్లు వరసగా మారుతుంటారు, బౌలర్ మాత్రం గంటసేపు అతనే. బ్యాటర్‌కి ప్రాక్టీస్ కావాలని బౌలర్‌ని అరగదీసే కోచింగ్ సెంటర్‌కి పిల్లాణ్ని పంపడం కంటే ఇంటి దగ్గర ఒక స్టంపు పెట్టుకుని 30 బంతులు శ్రద్ధగా వేయించడం మేలు. ఆట ఆగిపోయి తిరిగి మొదలుపెట్టేటప్పుడు మొదటి వారం మూడు రోజులు, రోజు విడిచి రోజు, 24 బంతులు చొప్పున, సగం జోరుతో. అక్కడినుంచి వారానికి ఆరేసి బంతులు పెంచుకుంటూ, ఆరో వారానికి గానీ పూర్తి వేగం అడగకూడదు. పిల్లాడు పొడుగెదిగే నెలల్లో ఈ లెక్క ఇంకా తగ్గించాలి. నెలకోసారి గోడకి నిలబెట్టి పెన్సిల్‌తో గీత గీస్తే ఆ నెలలేవో ఇంట్లోనే తెలుస్తుంది.

అసలు వేయకపోవడమూ రక్షణ కాదన్నది ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకి చెప్పాల్సిన మాట. హాస్టల్లో ఉన్నా వారానికి రెండు రోజులు, ఇరవై నిమిషాలు చాలు. ఒంటికాలి స్క్వాట్లు, ప్లాంకులు, తాడాట, ఆదివారం రెండు ఓవర్లు. ర్యాంకు పోదు. ఎముక భారం మర్చిపోకుండా ఉంటుంది.

బంతి, నేల, తిండి

టెన్నిస్ బంతి 56 నుంచి 59 గ్రాములు. పెద్దల లెదర్ బంతి 156 నుంచి 163. దాదాపు మూడు రెట్లు. టెన్నిస్ బంతితో ఎదిగిన బౌలర్ దగ్గర యార్కరూ, స్లో బాలూ, జనం కేకల మధ్య చివరి ఓవర్ వేసే గుండె ధైర్యమూ ఉంటాయి. సిరాజ్ హైదరాబాద్‌లో అలానే ఎదిగి 2015లో రంజీ ఆడాడు. సేలం దగ్గర పల్లెలో పుట్టిన నటరాజన్‌దీ అదే దారి. కాబట్టి టెన్నిస్ బాల్ టోర్నమెంట్లని చిన్నచూపు చూసే స్కౌట్ సగం డెల్టాని వదులుకున్నట్టే. ఆ బౌలర్‌కి లేనివి రెండు. సీమ్ (బంతి మీది కుట్టు) నిటారుగా ఉండేలా వదిలే మణికట్టు, గుడ్ లెంగ్త్ మీద పదేపదే వేసే ఓపిక. తేలిక బంతిని మోచేతితో లాగి వేసే అలవాటు కూడా ఒక్కోసారి ఉంటుంది. మోచెయ్యి సాగడం 15 డిగ్రీలు దాటితే ఐసీసీ నిబంధనల ప్రకారం చెల్లదు, అందుకే లెదర్ బంతి ఇచ్చిన మొదటి రోజే పక్కనుంచి వీడియో తీసి చూసుకోవాలి. మూడు రెట్ల బరువు భుజానికి అలవాటు కావడానికి రెండు నెలలు ఇవ్వాలి.

నేల గురించి ఒక్క మాట. సిమెంట్ వికెట్ మీద మ్యాట్ పరిచి రోజూ బౌలింగ్ చేయించే చోట్ల బంతి పడే నేలతో పాటు కాలు పడే నేల కూడా సిమెంటే. బౌలర్ అడుగుపెట్టే ఆ నాలుగడుగుల మేర మట్టి నింపితే, లేదా దళసరి కొబ్బరిపీచు మ్యాట్ రెండు మడతలు వేస్తే మడమలకీ పిక్కలకీ చాలా ఊరట. కోనసీమలో కొబ్బరిపీచుకి కరువు లేదు.

తిండి దగ్గర మన ప్రాంతం అదృష్టవంతురాలు. 60 కిలోల పెరిగే బౌలర్‌కి రోజుకి 85 నుంచి 95 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డుకి ఆరు గ్రాములు. అనపర్తి, తణుకు కోళ్ల ఫారాలు, భీమవరం చెరువుల చేపా రొయ్యా, ఇంట్లో పప్పూ పెరుగూ ఉండగా డబ్బా పౌడర్లు కొనాల్సిన పని లేదు. లోపమంతా పళ్లెంలో అన్నం గుట్టగా ఉండి పక్కనున్నవి తగ్గడం వల్ల. ఎండ సంగతికొస్తే, మే నెల ఉక్కపోతలో కొబ్బరి నీళ్లు తాగితే సరిపోతుందని ఇక్కడ గట్టి నమ్మకం. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. ఉప్పేసిన మజ్జిగ కూడా తాగాలి, అదీ దాహం వేయకముందే.

ఇదంతా అబ్బాయిల గురించే చెప్పినట్టుంది గానీ, అమ్మాయిల విషయంలో అవకాశం ఇంకా దగ్గర్లో ఉంది. విశాఖ పేసర్ షబ్నమ్ షకీల్ 2023లోనూ 2025లోనూ అండర్ 19 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో ఉంది. ఎడమచేతి పేసర్ అంజలి శర్వాణి ఆదోని నుంచి భారత జట్టు దాకా వెళ్లింది. జిల్లా స్థాయిలో పోటీ తక్కువ కాబట్టి బలమైన భుజం ఉన్న హైస్కూల్ అమ్మాయి త్వరగా పైకి రాగలదు. నెలసరి తప్పిపోవడం, రక్తహీనత ఈ రెండింటినీ సిగ్గుపడి దాచకుండా కోచ్‌కి, లేదా కోచ్ భార్యకైనా, టీచరమ్మకైనా చెప్పగలిగే ఏర్పాటు ఉండాలి. తిండి చాలక నెలసరి ఆగితే ఎముక బలహీనపడుతుంది, స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే భారం పడి ఎముక బీట పడటం) ముప్పు పెరుగుతుంది.

ఇప్పుడు పైమెట్లు కూడా ఉన్నాయి. ఆంధ్ర ప్రీమియర్ లీగ్ 2022లో మొదలైంది. 2025 సీజన్‌లో భీమవరం, కాకినాడ పేర్లతోనే జట్లు దిగాయి. అంటే ఐపీఎల్ స్కౌట్ల కళ్లు డెల్టా కుర్రాడి మీద పడటానికి ముంబై వెళ్లనక్కర్లేదు. అందువల్లే తొందర కూడా పెరుగుతుంది. పదిహేడేళ్లవాణ్ని ‘ఈ ఏడే చూపించాలి’ అని తోసే కోచ్‌లు, తండ్రులు ఎక్కువవుతారు.

ఆ తొందరలో ఉన్న తండ్రి చేయగలిగిన పని ఒకటుంది. వానాకాలాన్ని వాడుకోవడం. జూన్ నుంచి ఆగస్టు దాకా గ్రౌండు ఎలాగూ దొరకదు. ఆ మూడు నెలలు ఒంటి బలానికి, యాక్షన్ దిద్దుకోవడానికి. కల్యాణమండపం హాల్లోనో స్కూల్ వరండాలోనో నాలుగడుగుల రనప్‌తో, సగం జోరుతో, ఫోన్‌లో చూసుకుంటూ వేయొచ్చు. సెప్టెంబర్‌లో వారానికి మూడు రోజులు మ్యాట్ మీద పూర్తి రనప్ మొదలుపెట్టాలి. అక్టోబర్ చివరికి ఒక్క పూటలో ఎనిమిది ఓవర్లు నొప్పి లేకుండా వేయగలగాలి. అండర్ 19 పిల్లలు ఆడే కూచ్ బిహార్ ట్రోఫీ మ్యాచ్‌లు నాలుగు రోజులవి, అక్కడ బౌలర్‌కి మూడో స్పెల్ కూడా ఇస్తారు. సంక్రాంతి టోర్నమెంట్‌కి ఊరివాళ్లు పిలిస్తే ఆడనివ్వొచ్చు, రోజుకి ఒక్క మ్యాచ్, అంతకుముందు రెండు వారాల బంతుల లెక్క పుస్తకంలో ఉంటేనే. ట్రయల్స్‌కి వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని సంచిలో పెట్టి పంపాలి. సెలెక్టర్ అడగకపోయినా చూపించాలి. గడిచిన ఏడాది ఏ నెలలో ఎన్ని వేశాడు, ఎప్పుడు నొప్పి వచ్చింది, ఎన్నాళ్లు ఆపాడు, ఎన్ని అంగుళాలు పెరిగాడు అన్నవి నెట్స్‌లో వేసే ఆరు బంతుల్లో ఎవరికీ కనపడవు.